స్పీకర్లో కాపురం పెట్టిన గుయ్యి గారికి

మహారాజరాజశ్రీ గుయ్యి గారి దివ్య సముఖమునకు,

ఇంజన్ రేసుతో పాటు స్పీకర్లలో గుయ్యిమని లేచే తమకు, లాంచీలో స్టీరియో బాగోగులు చూసే మనిషి చేసుకునే విన్నపాలు. ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, ఇక్కడ కుశలం ఏమీ లేదు. తమరు మాత్రం కుశలమేనని మొన్న ఆదివారం సాయంత్రం విజయవాడ పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపం దాకా అందరూ విన్నారు.

షష్టిపూర్తి బేరం అది. పెద్దాయనది గుంటూరు, నాటకాల పిచ్చి. కేకు కోసే ముందు ఒక పద్యం పెట్టమన్నారు. పెట్టాం. పద్యం సంగతి తమకు కొత్తగా చెప్పాలా? నాలుగు పాదాలు గబగబా అయిపోతాయి, అసలు సరుకంతా ఆ చివరి రాగంలో ఉంటుంది. పెద్దాయన కళ్లు మూసుకున్నారు. గాయకుడు గొంతు సన్నం చేసుకుని పైకి ఎక్కుతున్నాడు. సరిగ్గా అప్పుడే లాంచీ నడిపే మా సరంగు మలుపు తిప్పడానికి రేసు పెంచాడు. తమరు అందుకున్నారు. గాయకుడితో పాటు ఎక్కారు, అతన్ని దాటి ఎక్కారు, అతను దిగిపోయాక కూడా అక్కడే కూర్చున్నారు. వియ్యంకుడు గారు నా పక్కకు వంగి ఎంతో మర్యాదగా, "ఏమండీ, హార్మోనియంలో మెట్టు ఏదన్నా ఇరుక్కుందా?" అని అడిగారు.

వాల్యూమ్ తగ్గించాను. పద్యం తగ్గింది, తమరు తగ్గలేదు. సున్నాకు తెచ్చాను. పద్యం పోయింది, తమరొక్కరే మిగిలారు. ఆ పైన కేకు కోయడం, దండలు వేయడం, ఫొటోలు, అన్నీ తమ ఏకపాత్రాభినయంతోనే జరిగాయి. సముద్రంలో అయితే కెరటాల హోరులో కలిసిపోయేవారేమో. బ్యారేజీ వెనకాల నిలవ నీళ్లాయె. అల ఉండదు, హోరు ఉండదు, తమకు అడ్డం వచ్చేదే ఉండదు.

అయినా నా ఫిర్యాదు ఇది కాదు. అరవడం తమ పుట్టుక. ఇంజన్‌తో పాటు తిరిగి బ్యాటరీని నింపేదాన్ని డైనమో అనండి, ఆల్టర్నేటర్ అనండి, దాని కడుపులో పుట్టేది ఏసీ కరెంటు. మూడు ఫేజులూ, కరెంటును ఒక వైపే పోనిచ్చే ఆరు డయోడ్ల గుండా వచ్చి డీసీ అవుతాయి. అయినా పైన కాస్త అల మిగిలే ఉంటుంది. పన్నెండు పోల్స్, అంటే అయస్కాంత ధ్రువాలు ఉన్న మామూలు ఆల్టర్నేటర్ ఒక్క చుట్టు తిరిగితే 36 అలలు. నిమిషానికి 2,000 చుట్లు తిరిగిందంటే సెకనుకు 1,200 అలలు. మనిషి చెవి ఎక్కడ బాగా పనిచేస్తుందో కనుక్కుని మరీ అక్కడ దిగారు తమరు. రేసు పెరిగితే చుట్లు పెరుగుతాయి, చుట్లు పెరిగితే శ్రుతి పెరుగుతుంది. న్యాయమే. పెట్రోలు ఇంజన్ల పడవల్లో స్పార్క్ ప్లగ్గుల నుంచి టిక్కుటిక్కుమని ఇంకొకాయన కూడా వస్తాడు. మాది డీజిల్, ఆ చుట్టరికం లేదు. తమరొక్కరే మా ఇంటి దేవుడు.

నా ఫిర్యాదు వేరు. మెకానిక్ వస్తే తమరు నోరెత్తరు. అదీ.

పొద్దున పదింటికి ఆటోనగర్ నుంచి ఎలక్ట్రీషియన్ వస్తాడు. మామూలుగా రాడు. రేపు అంటాడు, ఎల్లుండి అంటాడు, కనకదుర్గ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ అంటాడు, తీరా వచ్చాక ముందు టీ అంటాడు. టీ అయ్యాక ఇంజన్ స్టార్ట్ చేయమంటాడు. చేస్తాం. స్పీకరుకు చెవి ఆనించి చాలా శ్రద్ధగా వింటాడు. గుయ్యి గారు ఇంట్లో లేరు. రేసు ఇమ్మంటాడు. ఇస్తాం. లేరు. పాట పెడతాడు. నిష్కల్మషంగా వస్తుంది పాట, పాటలు వేసే ఈ డెక్కును కొట్టువాడు అమ్మేటప్పుడు వినిపించినంత అందంగా.

"ఏదీ సార్, ఏం రావట్లేదే?"

"సాయంత్రం వస్తుందయ్యా."

"సాయంత్రమా?"

ఆ 'సాయంత్రమా' అనడంలో ఒక చూపు ఉంటుంది. సాయంత్రం పూట లాంచీల మీద ఏం జరుగుతుందో, నేను ఏ స్థితిలో ఉండి ఏం విన్నానో అతనే ఊహించేసుకుంటాడు. మల్టీమీటర్ తీసి బ్యాటరీకి ఆనిస్తాడు. 14.2 వోల్టులు. "చార్జింగ్ సూపర్ సార్" అంటాడు. దాన్నే ఏసీ మీద పెట్టి చూడవయ్యా, అల అర వోల్టు దాటిందంటే డయోడ్ మీద అనుమానపడాలి అంటే, నేనేదో అతని చదువును ప్రశ్నించినట్టు ముఖం పెడతాడు. చూస్తాడు. దాటలేదు. డయోడ్లు ఆరూ నిక్షేపంలా ఉన్నాయి. రాకపోకల ఖర్చు పుచ్చుకుని, "వచ్చినప్పుడు ఫోన్ చేయండి సార్" అని వెళ్లిపోతాడు. ఫోన్ చేసి వినిపించాను కూడా. "సిగ్నల్ ప్రాబ్లం సార్, గుయ్యిమంటోంది" అన్నాడు.

ఇక తమరు గిమరు చాలు. ఒరేయ్ గుయ్యీ, ఇది ఏం పద్ధతిరా? పడవ నిండా జనం ఉంటే గొంతెత్తుతావు, పానా పట్టుకున్నవాడు ఒక్కడు కనిపిస్తే నోట్లో బెల్లం పెట్టుకుంటావు. నీ వల్ల అబద్ధాలకోరుననే పేరు వచ్చింది నాకు. లాంచీలో సగం వాటా ఉన్న మా బావ అయితే, "నీకు చెవిలోనే ఏదో ఉందిరా, సూర్యారావుపేటలో ఇందరు ఈఎన్‌టీ డాక్టర్లున్నారు, ఓసారి చూపించుకోరాదూ" అన్నాడు. ఆదివారం తానూ విన్నాడు. విన్నాక, "ఇంత ఉంటే ముందే చెప్పవేం?" అన్నాడు. బావల సంగతి ఇంకో ఉత్తరంలో.

పొద్దున ఎందుకు దాక్కుంటావో నాకు తెలియదనుకున్నావా? రాత్రంతా ఒడ్డున చార్జర్ మీద ఉన్న బ్యాటరీ పొద్దుటికి నిండుగా ఉంటుంది. లైట్లు వేయం, ఫ్యాన్లు వేయం, ఫ్రిజ్ ఉండదు, అడుగు నీళ్లు తోడే పంపు తిరగదు. ఆల్టర్నేటర్‌కు పనే లేదు, ఊరికే తిరుగుతుంది. సాయంత్రం రంగురంగుల ఎల్‌ఈడీ తోరణాలన్నీ వెలిగి, కూల్‌డ్రింకుల ఫ్రిజ్ గుర్రుమని, పంపు కూడా తోడయ్యేసరికి దాని నడుం విరుగుతుంది. అల పెద్దదవుతుంది, నెగటివ్ వైర్లలో కరెంటు బరువెక్కుతుంది, నువ్వు ఒళ్లు విరుచుకుని లేస్తావు. ఇదీ నీ సాయంత్రం రహస్యం. దీనికి పొద్దున్నే లైట్లన్నీ వేసి చూడండయ్యా అంటే వినేవాడేడీ? "పట్టపగలు లైట్లెందుకు సార్, బ్యాటరీ దండగ."

నీ పేరు చెప్పి బతికేవాళ్లు ఇంకొందరున్నారు. ఒక కొట్టాయన ఫిల్టరన్నాడు. డెక్కు పాజిటివ్ వైరుకు బిగించాం. కరెంటు సరఫరా వెంట వచ్చే శబ్దమైతే అది ఆపుతుంది. నువ్వు ఆ దారిన రావడం లేదు, కాబట్టి ఆ డబ్బా ఇప్పుడు డ్యాష్‌బోర్డు కింద అలంకారం. ఇంకో కొట్టాయన ఐసొలేటరన్నాడు. డెక్కు నుంచి యాంప్లిఫైయర్‌కు పాటను మోసే ఆర్‌సీఏ వైర్ల మధ్యలో పెడితే లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు పాటను దాటిస్తాయి, నిన్ను ఆపుతాయి. నిజమే, నువ్వు తగ్గావు. నీతో పాటు డప్పు కూడా పోయింది. మా ఊళ్లో డప్పు లేని పాటకు ఎవడు ఎగురుతాడు? పీకేశాం. చప్పుడు మింగుతాయని ఫెరైట్ ముక్కలు అమ్మినవాడైతే తీగ కనిపించిన చోటల్లా ఒకటి తగిలించిపోయాడు, లాంచీకి దిష్టి తగలదిక.

యాంప్లిఫైయర్ మీద గెయిన్ తిప్పే మరను చివరిదాకా తిప్పి వదిలేసిన మహానుభావుడికి వేరే దండం. డెక్కు నుంచి వచ్చేది పిసరంత అయితే, దాన్ని కొండంత చేసే దారిలో నిన్నూ కొండంత చేశాడు.

మా సరంగు దగ్గర జేబు రేడియో ఒకటుంది. 1948 నుంచి ఉన్న విజయవాడ ఆకాశవాణిని ఇప్పటికీ మీడియం వేవ్ 837 మీద పట్టి వినే మనిషి. దాన్ని స్టేషన్ లేని చోట పెట్టి లాంచీ అంతా తిప్పితే నీ చుట్టాలందరూ దొరికారు. ఎల్‌ఈడీ తోరణానికి కరెంటు సర్ది ఇచ్చే చవక డ్రైవరు డబ్బా దగ్గరికి పోతే రేడియో బరబరమంది. సిగరెట్ లైటరు సాకెట్లో దూర్చిన మొబైల్ చార్జరు దగ్గర ఇంకో గోల. ఆ చార్జరుకు ఫోను తగిలించి, అదే ఫోన్ను ఆక్స్ వైరుతో డెక్కుకు కలిపితే కచేరీయే. చార్జరు పీకితే చప్పుడు లేదు, బ్లూటూత్ పెట్టుకుంటే అసలు గొడవే లేదు. వాళ్లందర్నీ పట్టించిన రేడియో నిన్ను మాత్రం పట్టలేదు. నువ్వు గాలిలో వచ్చే రకం కాదు, తీగల్లో పాకే రకం.

పాకే దారి ఆదివారం రాత్రి తెలిసింది. చుట్టాలు దిగిపోయాక లైట్లు ఆర్పొద్దన్నాను. ఫ్రిజ్, పంపు, ఫ్యాన్లు, అన్నీ అలాగే ఉంచి, లాంచీని ఘాట్‌కు కట్టేసి, సరంగును రేసు పట్టుకోమన్నాను. నువ్వు నిండు గొంతుతో ఉన్నావు. యాంప్లిఫైయర్ దగ్గర ఆర్‌సీఏ వైర్లు పీకాను. టక్కున ఆగిపోయావు. అంటే యాంప్లిఫైయర్‌ది తప్పు కాదు, స్పీకర్లది కాదు. అదే యాంప్లిఫైయర్‌కు నా ఫోను నేరుగా తగిలించాను, చార్జరు లేకుండా. పాట కడిగిన ముత్యం. మళ్లీ డెక్కు కలిపాను. వచ్చావు. వాల్యూమ్ సున్నాలో కూడా నువ్వు ఎందుకు తగ్గవో అప్పుడు తేలిపోయింది: వాల్యూమ్ మర దాటాక, డెక్కుకూ యాంప్లిఫైయర్‌కూ మధ్య దారిలో ఎక్కుతున్నావు.

ఎక్కించింది ఎవరయ్యా అంటే, ఈ సెట్టు బిగించిన కారు మెకానిక్. కారులో ఒళ్లంతా ఇనుమే. నెగటివ్ వైరును దగ్గర్లో ఉన్న ఏ బోల్టుకు బిగించినా బ్యాటరీకి చేరిపోతుంది. ఇది ఫైబర్ లాంచీ. దీని ఒంట్లో కరెంటు నడవదు. వెళ్లిన కరెంటు వెళ్లిన దారినే తీగ మీద వెనక్కి రావాలి. ఆయన డెక్కు నెగటివ్‌ను చుక్కాని దగ్గర ప్యానెల్లో కలిపాడు, లైట్లకూ ఫ్యాన్లకూ అదే సన్న తీగ, పైగా చెమ్మకు పచ్చగా తుప్పు పట్టింది. యాంప్లిఫైయర్ నెగటివ్‌ను, మరి అలవాటైన చెయ్యి, ఇంజన్ బోల్టుకు బిగించాడు. రెండు చోట్ల రెండు ఎర్తులు. వాటి మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా. ఆ తేడా పోయే దారి దొరక్క ఆర్‌సీఏ తీగ లోహపు పైతొడుగు మీద నడుస్తుంటే, యాంప్లిఫైయర్ దాన్ని కూడా పాటే అనుకుని ఎత్తి స్పీకర్లకు పంపుతోంది. అంతే నీ గొప్ప. కొన్ని మిల్లీవోల్టులు. దీనికి ఫిల్టరు, ఐసొలేటరు, డయోడ్ల పరీక్ష, నా చెవుల మీద బావ నింద, ఒక పెద్దాయన రాగం.

డెక్కు నెగటివ్ నుంచి యాంప్లిఫైయర్ నెగటివ్‌కు లావుపాటి తీగ ఒకటి ఊరికే చేత్తో ఆనించి చూశాను. సగానికి సగం చచ్చావు. ఇప్పుడు రెండిటినీ తీగలు కలిపే ఒకే లోహపు పట్టీకి, అదే బస్ బార్‌కు తెచ్చి, అక్కణ్నుంచి తగరం పూత ఉన్న తీగతో నేరుగా బ్యాటరీకి వేయిస్తున్నాను. లైట్ల తీగ వేరు. ఆర్‌సీఏ వైర్లు కరెంటు తీగల పక్కన పడుకోకుండా ఆ వైపు గోడకు మారుతున్నాయి. మెకానిక్‌ను మళ్లీ పిలిచాను, ఈసారి రాత్రి ఎనిమిదింటికి. లైట్లన్నీ వేసి ఉంచుతాను. నోరు మూసుకుని కూర్చున్నావో, నువ్వు లేచేదాకా ఫ్రిజ్ మీద ఫ్రిజ్ పెట్టిస్తాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వాడి ముందు అరువు. తర్వాత నీ ఇష్టం, నీ చావు.

ఇట్లు,
చెవులు సక్రమంగానే ఉన్న
లాంచీ మనిషి

తా.క.: మా సరంగు నీ పక్షాన మాట్లాడుతున్నాడు. ఇంజన్ చుట్లు చూపించే మీటరు ఎప్పుడో పోయిందట, నీ గొంతును బట్టే రేసు పడుతున్నాడట. "అది లేకపోతే ఎంత పోనిచ్చానో నాకెట్టా తెలుస్తది బాబుగారూ?" అంటాడు. ఆదివారం రాగం మీద రేసు ఎందుకు పెంచావయ్యా అంటే, "పద్యం పైకి పోతంటే ఇంజన్ స్పీడు తగ్గిందేమో అనిపించింది" అన్నాడు. మీటరుకు డబ్బులిచ్చేశాను.