‘రేడియంట్ సిటడెల్’ రెండో భాగం ఖాయమట: ఆ ఫార్వర్డ్‌లో పస ఎంత?

వైజాగ్‌లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. ‘జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్’ పుస్తకానికి రెండో భాగం ఖాయం అన్నది దాని సారాంశం. కారణాలు నాలుగు చెప్పారు. పుస్తకంలో ఇంకా 12 నాగరికతల కథ మిగిలింది. ఈ ఆటలో సంకలనాలకు రెండో భాగాలు రావడం మామూలే. కొత్త రూల్స్ వచ్చాయి కాబట్టి పాత పుస్తకాన్ని ఎలాగూ తిరగరాయాలి. 2023లో ఈ ఆటను అచ్చువేసే కంపెనీ విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ మెడలు వంచిన అభిమానులు ఇప్పుడూ వంచగలరు. చివర్లో ఒక సలహా: ‘ఇప్పుడు కొనకండి, రెండూ కలిపి సెట్టుగా వస్తాయి, ఆగండి.’ ఎంవీపీ కాలనీలో ఒక బృందం ఇది చదివి ఆట ఆపేసి కూర్చుంది. ఆలు లేదు చూలు లేదు, సోమలింగం కోసం ఉయ్యాల కొనేశారు.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. డీఎం (డన్జన్ మాస్టర్) అనే ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర వేస్తారు, ఏం జరగాలో తేలనిచోట డైస్ వేస్తారు. 2022 జులైలో వచ్చిన ఈ పుస్తకం 13 సాహసాల సంకలనం. పాత్రల బలాన్ని చెప్పే లెవెల్స్‌లో మొదటిదాని నుంచి 14 దాకా వెళ్తుంది. ఇందులో మిమి మొండల్ రాసిన శంఖభూమి కథ బెంగాల్ నదుల నీడలో పుట్టింది. యూరప్ కోటలూ గుర్రపు వీరులూ తప్ప ఇంకోటి చూడని మనలాంటి వాళ్ళకి అది ఎంత ముచ్చటేసిందో చెప్పక్కర్లేదు. రెండో భాగం రావాలని నాకూ ఉంది. కానీ ఆ ఫార్వర్డ్ మొత్తం వెతికినా కంపెనీ ప్రకటన ఒక్కటి లేదు. ఉన్నవన్నీ ఊహలే.

12 నాగరికతల సంగతి ముందు చూద్దాం, ఎక్కువమంది నమ్మింది దీన్నే. పుస్తకంలో ఉన్నది ఇది: ఈథర్ లోకంలో తేలే సిటడెల్ నగరాన్ని పూర్వం 27 నాగరికతలు కలిసి కట్టాయి. తర్వాత సంబంధాలు తెగిపోయాయి. 15 మళ్ళీ కలిశాయి, 12 జాడ లేదు. ఇక్కడిదాకా ఫార్వర్డ్ కరెక్టే. నిజానికి ఆ 15లో కూడా 13కే కథలున్నాయి, రెంటికి పరిచయంతో సరిపెట్టారు. రాసినాయన ఇది గమనించి ఉంటే వాదన ఇంకాస్త బలపడేదేమో.

అయితే ఆ ఖాళీలు ‘తరువాయి భాగంలో’ అని ఆపినవి కావు. డీఎం తన సొంత ప్రపంచాన్ని తెచ్చి తగిలించుకోవడానికి పనికొచ్చే కొక్కేలు. మా బల్ల దగ్గర మేం చేసిందీ అదే. మా డీఎం అక్కకి తొట్లకొండ అంటే పిచ్చి. భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉండే ఆ బౌద్ధారామంలో బండ తొలిచి చేసిన నీటి తొట్లున్నాయి కదా, వాటి చుట్టూ ఒక తప్పిపోయిన నాగరికతను అల్లింది. వాన నీటిలో పాత జ్ఞాపకాలు దాచుకునే భిక్షువులు, వాళ్ళ కొండకి దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ లాంటి ముక్కు ఉన్న రేవు, ఆ రేవులోకి రావడం మానేసిన ఓడలు. సిటడెల్‌కి దారి చూపే మణి ఒక తొట్టి అడుగున పడి ఉంది. దాన్ని తియ్యడానికి దిగిన మా దొంగ పాత్రకి డైస్ మీద అన్నిటికన్నా చెడ్డ అంకె, ఒకటి పడింది. మణి రాలేదు గానీ వాడు తన సొంత అమ్మ పేరు మర్చిపోయాడు. ఆ తర్వాత చాలా సెషన్లు ఆ పేరు వెతకడంతోనే గడిచాయి. కంపెనీ ఆ 12నీ అచ్చు వేసి ఉంటే మాకు ఈ కథ ఉండేది కాదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: ఇంట్లో ఆడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, సిటడెల్ పేరు పెట్టి పుస్తకం అమ్ముతామంటే మాత్రం లైసెన్సు చూసుకోవాలి.

సంకలనాలకు రెండో భాగాలు మామూలే అన్నది సగం నిజం. రాక్షసుల సంకలనాలకు వచ్చాయి. 1977లో ‘మాన్‌స్టర్ మాన్యువల్’, 1983లో దాని రెండోది. మధ్యలో 1981 నాటి ‘ఫీండ్ ఫోలియో’ ఉంది. అందులో చాలా జీవులు ‘వైట్ డ్వార్ఫ్’ పత్రికకి పాఠకులు పంపినవే. అప్పటి అభిమానులు ఎదురుచూస్తూ కూర్చోలేదు, రాసి పంపారు. సాహసాల సంకలనాల దారి వేరు. 2017లో ‘టేల్స్ ఫ్రమ్ ద యానింగ్ పోర్టల్’, 2021లో 17 కథల ‘క్యాండిల్‌కీప్ మిస్టరీస్’, 2023లో దొంగతనాల కథలతో ‘కీస్ ఫ్రమ్ ద గోల్డెన్ వాల్ట్’, 2024లో ‘క్వెస్ట్స్ ఫ్రమ్ ద ఇన్ఫినిట్ స్టెయిర్‌కేస్’, 2025లో ‘డ్రాగన్ డెల్వ్స్’. వీటిలో ఒక్కటీ ఇంకోదానికి రెండో భాగం కాదు. ప్రతిసారీ కొత్త చట్రం, కొత్త అట్ట. ఈ వరుస చూసి సిటడెల్‌కి మాత్రమే రెండోది వస్తుందని ఎలా తేల్చారో వాళ్ళకే తెలియాలి.

కొత్త రూల్స్ మాట తేలిగ్గా తేలిపోతుంది. 2024 సెప్టెంబరులో ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’, నవంబరులో డీఎం పుస్తకం, 2025 ఫిబ్రవరిలో ‘మాన్‌స్టర్ మాన్యువల్’ వచ్చాయి. సిటడెల్ లాంటి అయిదో ఎడిషన్ సాహసాలను వీటితో ఆడుకోవచ్చని కంపెనీ మొదటినుంచీ చెబుతూనే ఉంది. పాత కథలో ఫలానా జీవి ఉంటే, కొత్త మాన్యువల్‌లో అదే పేరు తీసి ఆ అంకెలు వాడుకోవడమే. తిరగరాసే అవసరం ఎక్కడుంది?

ఇక 2023. ఈ ఆట రూల్స్ వాడుకుని బయటివాళ్ళు కూడా పుస్తకాలు వేసుకోనిచ్చేది ఓపెన్ గేమ్ లైసెన్సు. ఆ జనవరిలో విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ దాన్ని బిగించబోతోందని పత్రాలు బయటపడ్డాయి. జనం కంపెనీ ఆన్‌లైన్ సైటు డీ అండ్ డీ బియాండ్ చందాలు రద్దు చేసుకున్నారు. పైజో లాంటి పోటీ కంపెనీలు తమ సొంత లైసెన్సు తెస్తామన్నాయి. జనవరి 27న విజర్డ్స్ వెనక్కి తగ్గి, ప్రాథమిక రూల్స్ పత్రం ఎస్ఆర్‌డీ 5.1ని ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో పెట్టేసింది. గొప్ప విజయమే, కాదనను. అయితే అక్కడ అడిగింది ‘ఆ పని చెయ్యకండి’ అని. ఆపడానికి ఒక నిర్ణయం చాలు. ఇక్కడ అడుగుతున్నది ఒక పుస్తకం. దానికి డజనుమంది రచయితలు, బొమ్మలు వేసేవాళ్ళు, ఎడిటర్లు, రూల్స్ పరీక్షించేవాళ్ళు కావాలి. విజర్డ్స్ యజమాని హాస్బ్రో 2023 డిసెంబరులో సుమారు 1,100 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది, ఆ దెబ్బ విజర్డ్స్‌కీ తగిలింది. హ్యాష్‌ట్యాగ్ పెట్టండి, తప్పులేదు. పెట్టినందుకు పుస్తకం వచ్చి తీరుతుందని మాత్రం పిల్లలకి చెప్పకండి.

నాకు కోపం తెప్పించింది ఆ చివరి సలహా. రెండోది వస్తుందో రాదో తెలియదు, సెట్టు మాట ఎక్కడినుంచి వచ్చిందో అసలే తెలియదు. దానికోసం చేతిలో ఉన్న 13 కథలు మూసిపెట్టమంటారా? పైగా మొదటిదాన్ని ఎవరూ కొనకపోతే రెండోదానికి డబ్బు పెట్టేది ఎవరు గురూ?

ఎంవీపీ కాలనీ వాళ్ళకి ఒక మాట. పుస్తకం మీ దగ్గర ఉంది కదా, మొదటి లెవెల్ కథ ‘సాల్టెడ్ లెగసీ’ తియ్యండి. రాత్రి సంతలో గొడవపడే రెండు వ్యాపార కుటుంబాలు, మాయమైపోతున్న సరుకులు. కొత్తవాళ్ళు కూడా తేలిగ్గా ఆడేస్తారు. మేం ఆ సంతని పూర్ణా మార్కెట్ చేసేసుకున్నాం, ఎండు చేపల వాసనతో సహా. ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ కొనడానికి డబ్బుల్లేకపోతే ఎస్ఆర్‌డీ ఉచితంగా దొరుకుతుంది. డైస్ తక్కువైతే చెప్పండి, ఆదివారం మావి పట్టుకొస్తాం.