ఏ నెలలో వస్తాయో అడగాలి

2023 ఏప్రిల్‌లో, అసెంబ్లీ ఎన్నికలకు మూడు వారాల ముందు, బెంగళూరు తూర్పు అంచున ఉన్న మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌కు ఒక అభ్యర్థి వచ్చారు. ఇక్కడ సగం ఫ్లాట్లు తెలుగువాళ్లవేనని ఎవరో ముందే చెప్పి ఉంటారు. "మీరంతా మనవాళ్లే కదండీ" అంటూ తెలుగులోనే మొదలుపెట్టారు. రోడ్డు వేయిస్తాం, డ్రైనేజీ బాగు చేయిస్తాం, కావేరి నీళ్లు తెప్పిస్తాం అన్నారు. చప్పట్లు కొట్టాం. వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచారు. అనంతపురంలో ఇరిగేషన్ శాఖలో పనిచేసి, రిటైరయ్యాక కూతురి దగ్గర ఉంటున్నారు. "కావేరి నీళ్లు ఏ నెలలో వస్తాయండీ?" అని అడిగారు. "త్వరలోనే సార్" అన్నారు అభ్యర్థి. పెద్దాయన చొక్కా జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, ఆ రోజు తేదీ వేసి, పక్కన "త్వరలో" అని రాసుకున్నారు.

ఆ రాత్రి లిఫ్ట్‌లో పైకి వెళ్తూ అందరం ఒకటే మాట అనుకున్నాం: "ఎవరొచ్చినా ఇంతేలెండి." అప్పటికి అది తెలివైన మాటలాగే అనిపించింది. ఇప్పుడు ఆ మాట ఎక్కడ విన్నా నాకు బాధగా ఉంటుంది. అందరినీ ఒకే గాటన కట్టేస్తే పని చేసినవాడికీ చేయనివాడికీ మన దగ్గర ఒకే మార్కులు పడతాయి. నాయకులను అనుమానించాల్సిందే. కానీ ఏ మాటకు ఆ మాటను విడిగా పట్టుకుని అనుమానించాలి.

కావేరి సంగతే తీసుకుందాం. నగర శివార్లలోని 110 గ్రామాలను 2007లో నగర కార్పొరేషన్ బీబీఎంపీలో కలిపారు. వాటి కోసం ఉద్దేశించిన కావేరి తాగునీటి పథకం ఐదో దశ ప్రారంభమైంది 2024 అక్టోబర్ 16న, మండ్య జిల్లా టీకే హళ్లిలో. రోజుకు 77.5 కోట్ల లీటర్లు. మధ్యలో నాలుగు అసెంబ్లీ ఎన్నికలు, నాలుగు లోక్‌సభ ఎన్నికలు, రెండు కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి. పదిసార్లు ఓటు వేశాక నీళ్లు వచ్చాయి. ఆ ముందు వేసవిలో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల వాళ్లు అడిగినంత ఇవ్వాల్సి వస్తుంటే, ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకర్‌కు 1,000 రూపాయలని జిల్లా యంత్రాంగం రేటు నిర్ణయించాల్సి వచ్చింది. ఆ నెలల్లో మా ఇంట్లో బట్టలు వారానికి ఒక్కసారే ఉతికాం.

అయినా నీళ్లు వచ్చాయి కదా. అంటే అది ఉత్త అబద్ధం కాదు. జపాన్ సంస్థ అప్పు, టెండర్లు, పైపులైన్ పనులు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉన్నాయి. నీళ్లు ఎప్పటికి వస్తాయో అంచనా వేయాలంటే ఆ పనులను చూడాల్సింది. మనం మాత్రం మైకులో మాటలు విని ఒకసారి నమ్మాం, ఇంకోసారి తిట్టుకున్నాం.

ఇంకో మాట చూడండి. 2022 జూన్ 20న ప్రధాని మోదీ బెంగళూరు సబర్బన్ రైలుకు శంకుస్థాపన చేశారు. 148 కిలోమీటర్లు, సుమారు 15,700 కోట్లు. 40 నెలల్లో పూర్తి చేస్తామన్నారు. ఆ గడువు 2025 అక్టోబర్‌తో తీరిపోయింది. ఒక్క రైలూ నడవలేదు. అది తప్పిన మాటే. అయినా మా క్లబ్‌హౌస్‌లో విన్న "త్వరలో" కంటే ఈ "40 నెలలు"కే నేను ఎక్కువ విలువ ఇస్తాను. గడువు చెప్పిన మనిషిని గడువు దాటాక నిలదీయొచ్చు. "సూత్రప్రాయంగా అంగీకరించాం", "డీపీఆర్ (ప్రాజెక్టు నివేదిక) సిద్ధమవుతోంది", "పరిశీలనలో ఉంది" అన్నవాళ్లను ఏమని అడుగుతాం? ఎన్నికల ముందు ఈ మాటలు ఎక్కువైన కొద్దీ నాకు టెన్షన్ పెరుగుతుంది.

2023లో కాంగ్రెస్ ఇచ్చిన ఐదు గ్యారంటీలను చూస్తే ఈ తేడాలు బాగా తెలుస్తాయి. మహిళలకు ఉచిత బస్సు జూన్ 11నే మొదలైంది, ప్రభుత్వం ఏర్పడి నెల తిరక్కముందే. పది కిలోల బియ్యం దగ్గర చిక్కు వచ్చింది. అదనపు ఐదు కిలోలకు కేంద్రం గోదాముల నుంచి బియ్యం దొరక్కపోవడంతో, కిలోకు 34 రూపాయల లెక్కన మనిషికి 170 రూపాయలు ఖాతాలో వేశారు. 200 యూనిట్ల ఉచిత కరెంటు కూడా ఇచ్చారు. కానీ మనం విన్నది ఒకటి, ఆర్డర్‌లో ఉన్నది ఇంకొకటి. 2022-23లో ఆ ఇల్లు నెలకు సగటున వాడిన యూనిట్లు, దాని మీద పది శాతం, అంతవరకే ఉచితం. సగటు 90 ఉన్న ఇంటికి 99 యూనిట్లే. 130 కాలిస్తే మిగతా వాటికి కట్టాలి. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. మా పనమ్మాయిది మదనపల్లె. "200 అన్నారు కదన్నా, నాకెందుకు బిల్లొచ్చింది?" అని కాగితం పట్టుకుని వచ్చింది. ఆ బిల్లు తిప్పి తిప్పి చూసి, లెక్క వేసి చెప్పడానికి నాకు అరగంట పట్టింది.

ఇక్కడి తెలుగువాళ్లకు అసలు దెబ్బ తగిలేది ఇక్కడేనని నా అభిప్రాయం. ఓట్ల కోసం మాట్లాడేది మన భాషలో, షరతులు రాసేది కన్నడలో. కన్నడ మాట్లాడటం వచ్చినా పేపరు చదివే అలవాటు మనలో చాలామందికి లేదు. సాయంత్రం టీవీ పెడితే అమరావతి, హైదరాబాద్ వార్తలే. 2024 మే 13న ఓటు వేయడానికి బస్సుల్లో కిక్కిరిసి ఊళ్లకు వెళ్లాం. వెళ్లడం మంచిదే. కానీ నీళ్ల బిల్లు, కరెంటు బిల్లు కట్టేది ఇక్కడ. పక్క ఫ్లాట్ కన్నడిగుడిని అడిగినా ఆ ఆర్డర్ చదివి చెప్తాడు. మనం అడగం.

పైగా ఇచ్చిన మాట తప్పితే చట్టం పట్టుకోదు. మేనిఫెస్టోలో ఇచ్చే హామీలు ప్రజాప్రాతినిధ్య చట్టం కింద అవినీతి చర్య కావని 2013 జూలైలో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో ఆస్తులో, కేసులో దాస్తే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. అందుకే నేను మేనిఫెస్టో కంటే ముందు అఫిడవిట్ చదువుతాను. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.

ఇంకొకటి, ఆ పని అసలు మాట ఇచ్చిన మనిషి చేతిలో ఉందా అన్నది కూడా చూడాలి. ఆ రోజు క్లబ్‌హౌస్‌లో ఎమ్మెల్యే అభ్యర్థి చెప్పిన డ్రైనేజీ, వీధి రోడ్డు కార్పొరేటర్ చూసుకోవాల్సిన పనులు. 2020 సెప్టెంబర్‌లో పాత కౌన్సిల్ గడువు ముగిశాక, ఆ రోజుకి నగరంలో కార్పొరేటర్లే లేరు. ఆ సంగతి మాలో ఒక్కరూ ఎత్తలేదు.

మా అపార్ట్‌మెంట్‌కు కావేరి కనెక్షన్ 2025 జనవరిలో వచ్చింది. సంపులో నీళ్లు పడుతున్న చప్పుడు వినడానికి పదిమందిమి సెల్లార్‌లోకి దిగాం. పెద్దాయన కూడా దిగారు. నోట్‌బుక్‌లో పాత పేజీ తీసి "త్వరలో" పక్కన "21 నెలలు" అని రాశారు. దాని కిందే సబర్బన్ రైలు, 40 నెలలు అని ఇంకో వరుస ఉంది. దాని పక్కన ఇప్పటికీ ఖాళీగానే ఉంది.