తాతయ్య ఫోన్ పాడైందని చెప్పాం

మొన్న మా తెలుగు వాట్సాప్ గ్రూపులో పాత గొడవ మళ్లీ లేచింది. 2022 సెప్టెంబర్‌లో ఎలిజబెత్ రాణి పోయినప్పుడు ఇక్కడ ఇంగ్లండ్ స్కూళ్లలో మన పిల్లల చేత కూడా సంతాపం రాయించారని ఒక పెద్దాయన ఇంకా మండిపడుతున్నారు. "మన కొల్లూరు కోహినూర్ వజ్రం ఎత్తుకొచ్చినవాళ్లకి మన పిల్లలు పూలబొమ్మలు గీయాలా?" అని.

ఆ కోపం నాకు అర్థం కాక కాదు. 1997లో ఆవిడ జలియన్‌వాలాబాగ్‌కి వచ్చి పూలమాల పెట్టారు, క్షమాపణ మాత్రం చెప్పలేదు. (1983లో ఆవిడ బొల్లారం చర్చికి వచ్చిన సంగతి చెప్పి "మా ఏరియా" అని మురిసిపోయిందీ ఈ పెద్దాయనే. సరే, వదిలేయండి.) స్కూలు చరిత్ర సగమే చెప్పిందంటారా, ఒప్పుకుంటాను, మిగతా సగం ఇంట్లో మనం చెబుదాం. మరి చావు గురించి ఇంట్లో మనం ఏం చెప్పాం?

మేముండేది రీడింగ్ అనే ఊళ్లో. పాపకి అప్పుడు ఆరేళ్లు. రాణి పోయింది గురువారం. శుక్రవారం స్కూలు మామూలుగానే నడిచింది. హాల్లో ఒక బల్ల, దాని మీద ఫొటో, పక్కన తెల్ల కాగితాల పుస్తకం. టీచర్ "చనిపోయారు" అనే అన్నారట. దేవుడి దగ్గరికెళ్లారు, నిద్రపోయారు లాంటివేవీ లేవు. రాణి కుక్కల్ని ఎవరు చూసుకుంటారు, నొప్పి పుట్టిందా, మా అమ్మ కూడా చచ్చిపోతుందా అని పిల్లలు ఒకటే ప్రశ్నలు. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పారట.

మంగళవారం గేటు దగ్గర టీచర్ నన్ను పక్కకి పిలిచి మా పాప పేజీ చూపించారు. పైన కిరీటం, ఒక కుక్క, నారింజ జామ్ పూసిన మార్మలేడ్ శాండ్‌విచ్. (జూబిలీకి పాడింగ్టన్ ఎలుగుబంటితో రాణి చేసిన వీడియో పుణ్యం.) కింద వంకర అక్షరాలతో ఇంగ్లీషులో మూడు ముక్కలు. సారీ మీరు చనిపోయారు. మా తాతయ్య కూడా చనిపోయారు. నాకు ఎవరూ చెప్పలేదు.

మా నాన్న 2021 మేలో తెనాలిలో కోవిడ్‌తో పోయారు. అప్పటికే ఇండియాని బ్రిటన్ వాళ్ల ప్రయాణ ఆంక్షల రెడ్ లిస్టులో పెట్టేశారు, వెళ్లలేకపోయాను. దహనం ఫోన్‌లో చూశాను. బాత్రూంలో కూర్చుని, పాపకి నా ఏడుపు వినపడకూడదని కుళాయి తిప్పి పెట్టి. ఆదివారం వీడియో కాల్ టైముకి తాతయ్యేడని అడిగితే ఫోన్ పాడైందన్నాం. తర్వాత ఊరెళ్లారన్నాం. కొన్నాళ్లకి అడగడం మానేసింది. హమ్మయ్య, మర్చిపోయింది అనుకున్నాం చూడండి, అదీ మా తెలివి. పదహారు నెలలు!

మన ఇళ్లలో ఇది మామూలే. శవం లేచేలోపు పిల్లల్ని పక్కింటికి పంపేస్తాం. మా నానమ్మ పోయిన రోజు నన్ను సినిమాకి పంపారు. అడిగితే "అశుభం మాట్లాడకు" అని నోరు మూయిస్తాం, పన్నెండో రోజున మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని గారెలు తినిపిస్తాం. చిన్నపిల్లలు భయపడతారట. భయం వాళ్లకా, మనకా?

19న రాణి అంత్యక్రియలకి దేశమంతా సెలవు. విండ్సర్‌లో శవపేటిక కిందికి దిగుతుంటే టీవీ ముందు పాప నా చెయ్యి పట్టుకుని, "తాతయ్యని కూడా ఇలాగే చేశారా?" అంది. కాదమ్మా, మనం కాలుస్తాం అన్నాను. ఎందుకంది. నాకు తెలిసినంత చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది. ఈసారి లేచి బాత్రూంలోకి వెళ్లలేదు.

అవి మహాలయ పక్షం రోజులు. 25న అమావాస్యకి నాన్న ఫొటో ముందు అన్నం, పప్పు, గారెలు పెట్టాను. పాప తన ప్లేటులోంచి సగం శాండ్‌విచ్ తెచ్చి పక్కన పెట్టింది. మార్మలేడ్‌ది. నాన్నకి షుగర్ అని చెప్పబోయి ఊరుకున్నాను.