చెయ్యి లేచే ముందు ఆ కొన్ని క్షణాలు

షికాగో స్కూళ్లలో మగపిల్లలతో ఒక ఆట ఆడిస్తారు. ఇద్దరిని జత చేసి, ఒకడి చేతిలో బంతి పెట్టి పిడికిలి బిగించమంటారు. రెండోవాడు 30 సెకన్లలో దాన్ని తీసుకోవాలి. దాదాపు అందరూ గుంజుతారు, వేళ్లు మెలిపెడతారు, మీద పడతారు. టైం అయ్యాక కౌన్సెలర్ అడుగుతాడు: "బంతి ఇవ్వమని ఒక్కరైనా అడిగారా?" అడిగితే పిరికివాడనుకుంటాడని ఒకడు. అడిగితే ఇచ్చేసేవాణ్ణే, బంతే కదా అని అవతలివాడు.

యూత్ గైడెన్స్ అనే సంస్థ నడిపే 'బికమింగ్ ఎ మ్యాన్' కార్యక్రమంలోది ఈ ఆట. వారానికో గంట, చిన్న గ్రూపు, స్కూలు వేళల్లోనే. 2009-10లో 18 స్కూళ్లలో 2,740 మంది అబ్బాయిల్ని లాటరీ తీసి రెండుగా విడదీశారు. సగానికి అవకాశం ఇచ్చి, మిగతావారితో పోల్చి చూస్తే, ఆ ఏడాది పాల్గొన్నవాళ్లలో హింసాత్మక నేరాల్లో అరెస్టులు 44 శాతం తగ్గాయని షికాగో యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు.

నాకు నచ్చింది అంకె కాదు. అక్కడ 'ఎప్పుడూ కొట్లాడకూడదు' అనే నీతిబోధ ఉండదు. ఈ పిల్లలుండే పేటల్లో ఒకసారి తలొంచినవాణ్ణి వీధి మళ్లీ వదలదని నడిపేవాళ్లకు తెలుసు. వీధిలో కాపాడే ఆ దూకుడే క్లాసులో టీచర్ 'కూర్చో' అన్నప్పుడు కూడా ఆలోచన లేకుండా బయటికొస్తుంది. అందుకే ఒక్క క్షణం ఆగి, ఇది ఏ సందర్భమో చూసుకోవడం నేర్పుతారు.

మనకేమో దండం దశగుణం భవేత్. ఈ నమ్మకం అమెరికాలోనూ ఉంది. దారి తప్పుతున్న పిల్లల్ని జైలుకు తీసుకెళ్లి ఖైదీలతో బెదిరింపజేసే 'స్కేర్డ్ స్ట్రెయిట్' 1970ల్లో పెద్ద పేరు తెచ్చుకుంది. 1967 నుంచి 1992 దాకా ఇలాంటి కార్యక్రమాల మీద జరిగిన 9 ప్రయోగాల్ని కలిపి చూస్తే, అసలేమీ చేయకుండా వదిలేసిన పిల్లలకంటే వెళ్లొచ్చినవాళ్లే ఎక్కువ నేరాలు చేశారు!

మన దగ్గర విద్యాహక్కు చట్టం బెత్తాన్ని నిషేధించింది (అన్నిచోట్లా పోయిందని కాదు). దాని స్థానంలో టీచర్ చేతికి మరేదీ ఇవ్వలేదు. గొడవ జరిగాక ఎస్సైగారితో ఒక అవగాహన సదస్సు, పేపర్లో ఒక ఫొటో. షికాగోలో ఏడాది పొడవునా నడిపినా, కార్యక్రమం ఆగాక అరెస్టుల తగ్గుదల నిలబడలేదు. అలాంటిది ఒక్కపూట ఉపన్యాసం మీద ఏం ఆశ పెట్టుకుంటాం? వారానికో గంట, శిక్షణ ఉన్న మనిషి, ఏళ్ల తరబడి కావాలి. ఖర్చవుతుంది, కాదనను.

స్లిప్ టెస్టుల మధ్య ఆ గంట ఎక్కడిదని హెడ్మాస్టర్లు అడుగుతారు. షికాగో పిల్లలూ ఒక క్లాసు మానుకునే ఇందులో కూర్చున్నారు. తర్వాత లెక్క తీస్తే, హైస్కూలు పూర్తి చేసినవాళ్లు వీళ్లలోనే ఎక్కువ.