డెబ్బై కిలోల దొరకు అన్యాయం జరగరాదు

ఈ మధ్య మా కళాశాలకు 'సమ్మిళిత బోధన', అంటే ఎవరినీ వదలకుండా అందరికీ అందేలా పాఠం చెప్పడం, అనే మాట ఒక సర్క్యులర్ రూపంలో చేరింది. అది చేరిన నాటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. వరంగల్ ప్రాంతంలో బయోమెడికల్ ఇంజనీరింగ్ పిల్లలకు ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాణ్ని కనుక, ఆ మాట వెనుక ఒక పెద్దమనిషిని గద్దె దించే కుట్ర ఉన్నదని వెంటనే పసిగట్టగలిగాను. ఆయన తరఫున నోరు విప్పేవారెవరూ కనిపించడం లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆ పెద్దమనిషి పేరు రిఫరెన్స్ మ్యాన్. అంతర్జాతీయ రేడియలాజికల్ రక్షణ కమిషన్ 1975లో వెలువరించిన 23వ ప్రచురణలో ఆయన జాతకమంతా ఉన్నది. వయస్సు 20 నుంచి 30 ఏళ్ల మధ్య. బరువు 70 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు. తెల్లజాతివాడు, నివాసంలోనూ అలవాట్లలోనూ పశ్చిమ ఐరోపా లేదా ఉత్తర అమెరికా మనిషి. సగటు ఉష్ణోగ్రత 10 నుంచి 20 డిగ్రీలు ఉండే చోట కాపురం. రేడియేషన్ మోతాదును లెక్కగట్టేవారందరికీ ఒకే కొలమానం ఉండాలని ఆయనను సృష్టించారు, అంతవరకు బాగానే ఉన్నది. కానీ ఆ కమిషనే 2002లో, 89వ ప్రచురణలో, స్త్రీలకూ, పుట్టిన బిడ్డ మొదలుకొని పదిహేనేళ్ల వయసు దాకా పిల్లలకూ వేర్వేరు కొలతలు ఇచ్చి ఆయనకు తొలి ద్రోహం చేసింది. ఆ ప్రచురణ మా గ్రంథాలయానికి ఇంకా రాలేదు. రాకుండా జాగ్రత్తపడుతున్నాం.

మే నెలలో తారు రోడ్డు మెత్తబడే హనుమకొండలో, పది డిగ్రీల చలికి అలవాటుపడిన ఈ దొర మా ప్రయోగశాలనే గడీగా చేసుకొని ఎలా నెగ్గుకొస్తున్నాడని మీరు అడగవచ్చు. మేము ఆయనను ఎండకు బయటికి పంపము. పుస్తకం దాటి ఆయన అడుగు పెట్టడు, మేమూ పెట్టము. ఆయనకు తరగతి గదిలో ఒక తమ్ముడు కూడా ఉన్నాడు, అతణ్ని రిఫరెన్స్ విద్యార్థి అనవచ్చు. అతడు ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవాడు, ముందు బెంచీలో కూర్చునేవాడు, కళ్లూ చెవులూ కాళ్లూ పరిపూర్ణంగా పనిచేసేవాడు, నేను బోర్డు వైపు తిరిగి మాట్లాడినా అర్థం చేసుకునేవాడు. నా పాఠాలన్నీ అతని కోసమే తయారయ్యాయి. అతణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

మా ఈసీజీ ప్రయోగం సంగతి చెబుతాను. బల్ల మీద పడుకోవడానికి ఒక సన్నపాటి అబ్బాయి కావాలి, చొక్కా విప్పడానికి మొహమాటపడనివాడైతే మరీ మంచిది. ఏటా ఒకడు దొరుకుతాడు. అతని గుండెనే అరవై మంది తమ తమ రికార్డుల్లో అతికించుకుంటారు. అమ్మాయిలకు ఇందులో భాగం లేదనడం శుద్ధ అభాండం. రీడింగులు రాసేది వారే, స్కేలు పెట్టి పట్టికలు గీసేది వారే, కళాశాలలోకెల్లా అందమైన రికార్డులూ వారివే. అయినా వారిలో ఒకరిద్దరు లెన్నెక్ కథ తీసుకొని నా గదికి వస్తారు. 1816లో పారిస్‌లో రెనే లెన్నెక్ అనే వైద్యుడు ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి సంకోచించి, కాగితాలను గొట్టంలా చుట్టి దాని గుండా గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. రెండు వందల ఏళ్ల కిందట ఆ సంకోచంలోంచి ఒక పరికరమే పుట్టినప్పుడు, ఇప్పుడు ఒక తెర కట్టి, లోపల ఒక మేడమ్‌ను నిలబెడితే సరిపోదా అని వారి ప్రశ్న. తెర గుడ్డకు మూడు కొటేషన్లు పిలవాలని, అందులో తక్కువ ధరవాడిని కొనుగోలు కమిటీ ఆమోదించాలని, ఆ కమిటీ సమావేశానికి కోరం ఉండాలని ఆ పసివాళ్లకేం తెలుసు? లెన్నెక్‌కు ఈ బాదరబందీ ఏదీ లేదు.

ఇక రంగుల గొడవ. ఈసీజీ తీగల్లో ఎర్రది కుడి చేతికి, పసుపుపచ్చది ఎడమ చేతికి, ఆకుపచ్చది ఎడమ కాలికి, నల్లది కుడి కాలికి అని నేను పద్యంలా చెబుతాను, పిల్లలు వల్లె వేస్తారు. ఒక ఏడాది ములుగు వైపు నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు ఎర్ర తీగను కాలికి, ఆకుపచ్చ తీగను చేతికి తగిలించాడు. రెండో లీడు, అంటే కుడి చేతికీ ఎడమ కాలికీ మధ్య వచ్చే గ్రాఫు, తలకిందులైంది, బల్ల మీద నవ్వుతూ పడుకున్న కుర్రవాడి గుండె కాగితం మీద జబ్బు గుండెగా మారింది. విచారిస్తే, ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని కళ్లు అతనివి. ఎక్స్ క్రోమోజోమ్ మీదుగా వచ్చే ఈ లక్షణం ఆడవారిలో కంటే మగవారిలో చాలా ఎక్కువ కనుక, మగపిల్లలు నిండిన తరగతిలో ఇటువంటివాడు మళ్లీ తగులుతాడని నాకూ తెలుసు. తీగల చివర ఆర్, ఎల్, ఎఫ్, ఎన్ అనే అక్షరాలు ఉన్నాయని, వాటిని చూసి తగిలించవచ్చని ఆ అబ్బాయే కనిపెట్టి నాకు చూపించాడు. తీగ తయారుచేసిన కంపెనీకి ఉన్న పట్టింపు నాకు లేదన్నట్టు ధ్వనించింది కాబట్టి, అక్షరాలు చూడడం కాపీ కొట్టడంతో సమానమా కాదా అనే విషయాన్ని శాఖాధిపతికి నివేదించాను. నిర్ణయం పెండింగులో ఉన్నది.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్‌ను కొలిచే పల్స్ ఆక్సీమీటర్ మీద మాత్రం నాకు ఎప్పుడూ అనుమానం లేదు. 660 నానోమీటర్ల ఎర్ర కాంతి, 940 నానోమీటర్ల పరారుణ కాంతి, వేలి గుండా పోయినదెంత, రక్తం పీల్చుకున్నదెంత, రెండింటి నిష్పత్తి. ఐదు మార్కుల ప్రశ్నకు ఇంతకంటే ఏం కావాలి? 2020 డిసెంబరులో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనాన్ని ఒక పిల్ల ఫోనులో చూపించింది. పరికరం 92 నుంచి 96 శాతం చూపిస్తున్నా ధమని రక్తంలో ఆక్సిజన్ నిజానికి 88 శాతం కంటే తక్కువగా ఉన్న సందర్భాలు తెల్లవారి కొలతల్లో 3.6 శాతమైతే, నల్లజాతివారి కొలతల్లో 11.7 శాతమట. "సార్, మరి మన రంగుకు ఎంత తప్పు చూపిస్తుంది? బతుకమ్మకు పెట్టుకున్న మైదాకు ఇంకా పోలేదు, నా వేలికి పెట్టి చూద్దామా?" అని అడిగింది. ఆ ప్రశ్న గత పదేళ్ల ప్రశ్నపత్రాల్లో ఎక్కడా లేదని ఆధారాలతో సహా చూపించి పంపించాను. దొరగారి వేలికి మైదాకు ఉండదు.

భాష విషయంలోనూ నేను రాజీపడను. గురుకులంలో తెలుగులో చదివి వచ్చిన ఒక అబ్బాయిని ఆసుపత్రి సందర్శనకు తీసుకువెళ్తే, మంచం మీది ముసలవ్వ "దమ్ము ఆడుతలేదు బిడ్డా" అన్న వెంటనే ఆక్సిజన్ గొట్టం మడతపడిందని గమనించి సరిచేశాడు. మరునాడు వైవాలో, అదే ఆయాసానికి ఇంగ్లీషు పేరైన 'డిస్నియా' అంటే ఏమిటని అడిగితే నోరు తెరవలేదు. ఇరవైకి ఆరు వేశాను. ముసలవ్వ ఇంగ్లీషులో ఆయాసపడి ఉంటే అతనికి ఈ నష్టం జరిగేది కాదు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చిందని, అది 21 రకాల వైకల్యాలను గుర్తించిందని మాకు తెలియదనుకోకండి. పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తున్నాం. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థికి మూడు గంటల పరీక్షకు పూర్తిగా ఒక గంట ఎక్కువ ఇచ్చాం. పరీక్ష హాలు మూడో అంతస్తులో ఉండడం వల్ల ఆ గంటలో సగం మెట్ల దగ్గరే ఖర్చయింది. లిఫ్ట్ ఉన్నది, తాళం కూడా ఉన్నది. తనిఖీ బృందం వచ్చిన రెండు రోజులూ అది చక్కగా పనిచేసింది. 2014లో మన దేశం, ఇంజనీరింగ్ చదువులను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందినప్పటి నుంచి ప్రతి పాఠానికీ ఫలితాలు రాసి, వాటిని మొత్తం డిగ్రీ కార్యక్రమ ఫలితాలతో జోడించి, సంబంధం ఎంత గట్టిదో చెప్పడానికి గడుల్లో 1, 2, 3 అంకెలు వేస్తున్నాం కదా, 3 అంటే అన్నిటికంటే గట్టిది; 'సమాజం', 'నైతికత' అనే గడులు రెండింటిలోనూ నా సబ్జెక్టుకు 3 ఉన్నది. ఆ 3 ఎలా వచ్చిందని తనిఖీవారు అడగలేదు, అడిగి ఉంటే చిక్కే.

ఆశయవాదులు తరచుగా జైపూర్ పాదాన్ని ముందుకు తెస్తారు. ఆనాటి పాశ్చాత్య దేశాల కృత్రిమ పాదానికి బూటు తప్పనిసరి, దానితో గొంతుక్కూర్చోవడం కుదిరేది కాదు. నాలుగో తరగతి దాకా చదివిన రామచంద్ర శర్మ అనే శిల్పి డాక్టర్ పి.కె. సేథీతో కలిసి, వట్టి కాలితో బురద పొలంలో దిగడానికీ నేల మీద కూర్చోవడానికీ వీలైన రబ్బరు పాదాన్ని 1960ల చివర తయారుచేశాడు. నిజమే, గొప్ప సంగతే. అయితే నాలుగో తరగతివాడికి ఎంసెట్ ర్యాంకు ఎక్కడిది? మా దగ్గర సీటు వచ్చేది కాదు.

ఇంత కాపలా కాసినా గత నెల దొరగారి గడీకి బీట పడింది. పడుకునే అబ్బాయి ఆ రోజు రాలేదు. నేను బయటికి వెళ్లి వచ్చేసరికి ఆ మైదాకు పిల్ల కుర్చీలో కూర్చొని, మణికట్లకూ చీలమండలకూ తీగలు తగిలించుకొని ఉన్నది. ఛాతీ జోలికి పోకుండానే పన్నెండు లీడ్లలో ఆరు వస్తాయట. తెరా అక్కరలేదు, కొటేషన్లూ అక్కరలేదు. తీగలు తగిలించింది ఆ ములుగు అబ్బాయి చెల్లెలు, ఒక్కొక్క అక్షరమే పైకి చదువుతూ. గ్రాఫు శుభ్రంగా వచ్చింది. రికార్డులో 'సబ్జెక్టు: పురుషుడు, 70 కిలోలు' అని ముందే ముద్రించిన చోట, పురుషుడిని ఒక గీతతో కొట్టి 'నేను' అని, 70ని కొట్టి 43 అని రాసి సంతకానికి తెచ్చింది. కొట్టివేతలకు రెండు మార్కులు తగ్గించాను.