అలిగినవాడికే ఆఫర్

పదకొండేళ్ళుగా నేను ఒకే మొబైల్ కంపెనీని నమ్ముకుని ఉన్నాను. సిగ్నల్ కోసం కిటికీలోంచి సగం బయటికి వేలాడిన రోజుల్లో కూడా ఇంకో కంపెనీ వైపు కన్నెత్తి చూడలేదు. ఇదొక సుగుణమని, ఏదో ఒకనాడు కంపెనీవారు దీన్ని గుర్తించి, సన్మానం చెయ్యకపోయినా కనీసం బిల్లు తగ్గిస్తారని మొన్నటిదాకా నా నమ్మకం.

మొన్న మా మేనల్లుడు వచ్చాడు. వాడు నెల క్రితం ఇదే కంపెనీ కనెక్షన్ తీసుకున్నాడని మాటల్లో తెలిసింది. నాకొచ్చే డేటాకి వాడికి రెట్టింపు వస్తోంది. బిల్లు మాత్రం నా బిల్లులో సగం.

"అదేంట్రా, పాత కస్టమర్‌ని నేను కదా?" అన్నాను.

"అందుకే, మావయ్యా" అన్నాడు వాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

ఆ "అందుకే" ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని పెద్దలు ఏదో మాటవరసకి అన్నారు. కంపెనీలు దాన్ని టారిఫ్ పట్టికగా మార్చి అమల్లో పెట్టాయి. ఇదేదో నా ఒక్కడి గోడు కాదు. బ్రిటన్‌లో సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థ 2018లో దీని మీద అక్కడి పోటీ నియంత్రణ సంస్థకి పెద్ద ఫిర్యాదే పెట్టింది. మొబైల్, బ్రాడ్‌బ్యాండ్, ఇన్సూరెన్స్ లాంటి వాటిలో పాత కస్టమర్ల దగ్గర ఎక్కువ లాగుతున్నారని దాని సారాంశం. ఆ జబ్బుకి పేరు కూడా ఉంది, "లాయల్టీ పెనాల్టీ". అంటే విశ్వాసానికి జరిమానా. తప్పు చేసినందుకు జరిమానా కట్టినవాళ్ళని చూశాను కానీ, ఏ తప్పూ చెయ్యకుండా కదలకుండా కూర్చున్నందుకు పదకొండేళ్ళు కట్టినవాణ్ణి అద్దంలో తప్ప ఇంకెక్కడా చూడలేదు.

సరే, బేరం ఆడదామని నిశ్చయించుకున్నాను. ఇక్కడే నాకొక శాస్త్ర సందేహం వచ్చింది. అసలు దీన్ని బేరం అనవచ్చా? బేరానికి కంటి ముందు ఒక వస్తువుండాలి. దాన్ని తిప్పి చూడాలి, గిల్లి చూడాలి, పక్కన పడేసి మొహం చిట్లించాలి. నాలుగడుగులు వేసి, వెనక్కి పిలుస్తాడా లేదా అని చెవి అటు వేసి నడవాలి. ఇక్కడ గిల్లడానికి ఏముంది? గాల్లో తరంగం. దాని అసలు ఖరీదెంతో కొనేవాడికి తెలియదు, ఫోన్ ఎత్తేవాడికీ తెలియదు. నా దగ్గర ఉన్న ఏకైక సరుకు నేను వెళ్ళిపోతాననే భయం. కాబట్టి దీన్ని బేరం అనడం పొరపాటు. ఇది అలక. అలక తీర్చడానికి ఎదుటివాళ్ళు ఎంతదాకా వస్తారన్నదే ధర.

అలకకి మొదట కావలసింది పుట్టిల్లు. పోవడానికి చోటు లేనివాళ్ళ అలకని ఎవరూ పట్టించుకోరు. ఒకప్పుడు మొబైల్ వాడేవాళ్ళది అదే పరిస్థితి. కంపెనీ మారితే నంబర్ పోయేది. చుట్టాలకీ, బ్యాంకుకీ, మనకి బాకీ ఉన్నవాళ్ళకీ కొత్త నంబర్ చెప్పుకుంటూ తిరగడం కన్నా ఉన్నచోటే పడి ఉండటం నయం అనిపించేది. 1997లో సింగపూర్ ఈ ముడి విప్పింది. నంబర్ మార్చకుండా కంపెనీ మార్చే వీలు వచ్చింది, తర్వాత ఒక్కో దేశం అదే దారి పట్టింది. దీన్ని సాంకేతిక సంస్కరణ అని రాస్తుంటారు. నా దృష్టిలో అలిగే హక్కుకి చట్టబద్ధత వచ్చిన సంవత్సరం అది.

రెండోది ముహూర్తం. కాంట్రాక్ట్ మధ్యలో అలిగితే గడువుకి ముందే పోతున్నందుకు ఛార్జీ వేస్తారు. అంటే మన అలకకి మనమే ఖర్చు పెట్టుకోవాలి. గడువు దాటాక కూడా నోరు మూసుకుని ఉంటే ఇంకా ఘోరం. ఫోన్‌తో కలిపి కాంట్రాక్ట్ తీసుకున్నవాళ్ళు నెలనెలా కట్టే బిల్లులో ఆ ఫోన్ ఖరీదు కూడా కరిగి ఉంటుంది. ఫోన్ బాకీ ఎప్పుడో తీరిపోయినా, అడిగేదాకా బిల్లు అదే అంకె మీద వస్తుండటం చాలాచోట్ల మామూలే. యూరోపియన్ యూనియన్ మొదటి కాంట్రాక్ట్ 24 నెలలకి మించకూడదని నియమం పెట్టింది. అదేదో కరుణ అనుకున్నాను గానీ, ఏనుగు కూడా 22 నెలలకే ఈనేస్తుంది. కనుక అలకకి అసలు ముహూర్తం గడువు తీరడానికి ఓ నెల ముందు.

మూడోది పరిభాష. శత్రువు మాటలు తెలియకుండా యుద్ధానికి పోకూడదని, వాళ్ళ వార్షిక నివేదికలు తెరిచాను. రెండు మాటలు దొరికాయి. ఒక్కో కస్టమర్ నుంచి సగటున వచ్చే ఆదాయాన్ని వాళ్ళు "ఆర్పు" అంటారు. నేను కల్పించింది కాదు, ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు అలా కుదిరాయి. ఆర్పు పెరిగిందని వాళ్ళు సంతోషంగా ప్రకటించినప్పుడల్లా ఎవరి ఇంట్లో దీపం ఆరిందో తెలుగువాడికి విడమరిచి చెప్పక్కర్లేదు. రెండోది, వదిలిపోయేవాళ్ళ శాతం. దాని పేరు "చర్న్". అంటే చిలకడం. ఇదంతా చదివాక నాకు జ్ఞానోదయమైంది. పదకొండేళ్ళుగా నేను కదలకుండా ఉన్న కుండని. చిలికిన కుండలోనే వెన్న తేలుతుంది.

మర్నాడు ఉదయం పదిన్నరకి ఫోన్ చేశాను. కొత్త కనెక్షన్ కోసం ఒకటి నొక్కమంది రికార్డింగ్. బిల్లు కట్టడానికి రెండు. కనెక్షన్ వదులుకోవాలనుకునేవాళ్ళు ఏం నొక్కాలో ఎనిమిదో అంకె దాకా చెప్పలేదు. తొమ్మిదిలో చెప్పింది, అదీ గొంతు తగ్గించి. నొక్కాను. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమని చెప్పి పాట పెట్టారు.

ఈ పాట చరిత్ర చెప్పుకోవాలి. ఆల్ఫ్రెడ్ లెవీ అనే అమెరికన్ ఫ్యాక్టరీ యజమాని టెలిఫోన్ లైన్లలో సంగీతం వినిపిస్తోందని గమనించాడు. ఊడిన తీగ ఒకటి ఇనుప దూలానికి తగిలి, భవనం మొత్తం పెద్ద రేడియోలా మారి, పక్కనున్న రేడియో స్టేషన్ ప్రసారాన్ని లైన్‌లోకి లాగుతోంది. ఇంకెవరైనా అయితే తీగ బిగించి ఊరుకునేవారు. ఆయన 1962లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. 1966లో వచ్చేసింది. అంటే ఇవాళ లోకమంతా చెవికి ఫోన్ ఆనించుకుని వింటున్నది, మూలంలో, ఎవరూ రిపేర్ చెయ్యని ఒక లోపం. ఈ రంగానికి ఇంతకన్నా తగిన జాతీయగీతం లేదు.

ఎంతసేపు వినాలన్నది కూడా ఆషామాషీ విషయం కాదు. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఆగ్నర్ ఎర్లాంగ్ అనే గణితవేత్త 1909లోనే టెలిఫోన్ కాల్స్ ఎలా వచ్చిపడతాయో లెక్క కట్టాడు. తర్వాత 1917లో ఎంతమంది ఆపరేటర్లుంటే ఎంతసేపు ఆగాల్సి వస్తుందో సూత్రాలు రాశాడు. కాల్ సెంటర్లలో ఎంతమందిని కూర్చోబెట్టాలో ఇప్పటికీ ఆయన సూత్రాలతోనే చూస్తారు. కాబట్టి నేను ఇరవై రెండు నిమిషాలు ఆగానంటే అది నా ఖర్మ కాదు. ముందే ఎవరో వేసి, సరే ఇంతసేపు ఆగనీ అని సంతకం పెట్టిన లెక్క.

ఎట్టకేలకు ఒక కుర్రాడి గొంతు వచ్చింది. "సార్, పదకొండేళ్ళుగా మాతో ఉన్నందుకు ముందుగా మీకు ధన్యవాదాలు."

నాకు గొంతు పట్టేసింది. ఎవరూ అనని మాట. అక్కడే సగం ఓడిపోయాను. అయినా రిహార్సల్ వేసుకున్న వాక్యం గుర్తుచేసుకుని, "వెళ్ళిపోదామనుకుంటున్నానండీ" అన్నాను.

"అయ్యో, ఎందుకు సార్?"

ఆ అయ్యో వాళ్ళకి కాగితం మీద రాసిచ్చిన అయ్యో అని నాకు తెలుసు. కానీ మా చుట్టాల్లో ఎవరూ అంత బాగా అనలేరు.

బిల్లు ఎక్కువవుతోందని చెప్పాను. ఆయన నా సమస్యని శ్రద్ధగా విని, నెలకి ఇంకో ఇరవై జీబీ ఇస్తానన్నాడు. నేను నెలకి వాడేది ఆరు జీబీ. ఇప్పుడున్న నలభైలో ముప్పై నాలుగు నెలనెలా గాలికి పోతున్నాయి. ఈతరానివాడు బావిలో పడి అరుస్తుంటే, ఇంకా లోతు తవ్విస్తానన్నట్టుంది. "డేటా వద్దండీ, డబ్బు తగ్గించండి" అన్నాను. కీబోర్డ్ టకటకలాడింది. "సిస్టమ్ ఒప్పుకోవట్లేదు సార్" అన్నాడు, గుళ్ళో పూజారి దేవుడి మాట చెప్పినంత వినయంగా.

అలకశాస్త్రంలో మౌనమే పరమాయుధం అని చదివాను. ఎవరు ముందు నోరు విప్పితే వాళ్ళు ఓడినట్టు. మౌనం పాటించాను. అటువైపు కూడా మౌనమే. పది సెకన్లు, ఇరవై, నలభై. పట్టుదల గలవాడే అనుకున్నాను. నిమిషం దాటింది. నా జీవితంలో ఎవరితోనూ అంత గొప్పగా మాట్లాడకుండా ఉన్నది లేదు. గర్వంగా తెర వైపు చూసుకుంటే కాల్ కట్ అయ్యి ఉంది. వాళ్ళ సిగ్నలే.

మళ్ళీ ఒకటి, రెండు, తొమ్మిది. మళ్ళీ పాట. ఈసారి ఒక అమ్మాయి. ఇందాకటి సంభాషణ గురించి చెబితే, "నోట్స్‌లో ఏమీ లేదు సార్" అంది. అంత మౌనం ఎవరి ఖాతాలోనూ పడలేదు.

అయితే ఈ అమ్మాయి రిటెన్షన్ టీమ్. అంటే పోయేవాళ్ళని ఆపే విభాగం. తగ్గించే అధికారం ఉండేది వీళ్ళ దగ్గరే, మామూలు కస్టమర్ కేర్‌వాళ్ళకి చేతులు కట్టేసి ఉంటాయి. వీళ్ళ దగ్గర కూడా ఆఫర్లు ఒకటికి రెండు మూడు ఉంటాయి కానీ, పైది ముందు, అడుగుది చివర తీస్తారు. ఎంతమందిని ఆపారు, ఒక్కో కాల్ ఎంతసేపట్లో ముగించారు అని వాళ్ళకీ మార్కులుంటాయి. అందుకే కసరడం దండగ. ఆ పిల్ల చేతిలో ఉన్నది నా బిల్లు ఒక్కటే, టవర్ కాదు. నేను మర్యాదగానే అలిగాను.

మొదటి ఆఫర్‌కి "ఊఁ" అన్నాను. రెండోదానికి కూడా "ఊఁ" అన్నాను కానీ కొంచెం పొడుగ్గా. తర్వాత కాగితం చూసుకుంటూ పక్క కంపెనీ పేరు, వాళ్ళ ప్లాన్, అందులో ఎన్ని జీబీలున్నాయో, నా నెల వాడకమెంతో చదివాను.

టకటకలు ఆగిపోయాయి.

ఈ రంగంలో పక్క కంపెనీ పేరుకున్న శక్తి సామాన్యం కాదు, అది పుట్టుకలోనే ఉంది. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మోటరోలా ఇంజనీర్ మార్టిన్ కూపర్ చేతిలో పట్టుకునే మొబైల్ నుంచి మొట్టమొదటి కాల్ చేశాడు. ఎవరికి? భార్యకి కాదు, స్నేహితుడికి కాదు. బెల్ ల్యాబ్స్‌లో అదే పని మీద ఉన్న పోటీదారు జోయెల్ ఎంగెల్‌కి. మీకన్నా ముందే చేశామని చెప్పడానికి. మొబైల్ ఫోన్ మొదటి ప్రయోజనం పక్కవాడి కడుపు మండించడం. మిగతా ప్రయోజనాలన్నీ తర్వాత కనిపెట్టారు.

"ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి సార్, మా సూపర్‌వైజర్‌ని అడిగి చెప్తాను" అంది. సూపర్‌వైజర్ అనే వ్యక్తి నిజంగా ఉన్నాడా అన్నది వేదాంత చర్చ, ఇక్కడ వద్దు. తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి గొంతులో ఏదో రహస్యం చెబుతున్న ధోరణి. ఇది మామూలుగా ఎవరికీ ఇవ్వని ఆఫర్ అట. బిల్లులో మూడో వంతు తగ్గింది. ఇందాక సిస్టమ్ ఒప్పుకోనిది ఇప్పుడు ఎలా ఒప్పుకుందని అడగలేదు. దేవుడు కరుణించాక కారణాలు అడగకూడదు.

అంతా ఈమెయిల్‌లో పంపమన్నాను, నోటిమాట నోట్స్‌లో ఉండదని గంట క్రితమే తెలిసింది కనుక. వచ్చింది. కొత్త కాంట్రాక్ట్ 24 నెలలు. పద్నాలుగో పేరాలో, బిల్లు ఏటా కొంత శాతం పెరుగుతుందని చిన్న అక్షరాల్లో ఉంది. ద్రవ్యోల్బణానికి ముడిపెట్టి ఇలా శాతాల్లో చెప్పడం కుదరదు, పెంచబోయేది ఎంతో డబ్బు లెక్కన ముందే రాయాలని బ్రిటన్‌లో 2025 జనవరి నుంచి కొత్త కాంట్రాక్టులకి నియమం తెచ్చారు. నా పద్నాలుగో పేరాకి ఆ కబురు ఇంకా అందలేదు.

వెంటనే మెసేజ్ వచ్చింది. మా సేవకి పదికి ఎన్ని మార్కులు వేస్తారు? అమ్మాయికి పది వేశాను. కారణం రాయమంటే "అయ్యో బాగుంది" అని రాసి, ఆ మాట ఇందాకటి కుర్రాడిదని గుర్తొచ్చి చెరిపేశాను.

విజయగర్వంతో మేనల్లుడికి ఫోన్ చేసి కొత్త బిల్లు చెప్పాను.

"సూపర్ మావయ్యా. అయినా నాకన్నా ఎక్కువే కదా?"

"నీదెంతసేపురా, ఇరవై నాలుగు నెలలైతే నువ్వూ పాతవాడివే" అన్నాను.

అటు మౌనం. ఈసారి కాల్ కట్ అవలేదు, చూసుకున్నాను.

ఫోన్ పెట్టేసి క్యాలెండర్ తెరిచాను. ఇప్పటికి సరిగ్గా ఇరవై మూడు నెలల తర్వాత, ఉదయం పదిన్నరకి ఒక రిమైండర్ పెట్టుకున్నాను: "అలగాలి." కింద నోట్స్‌లో: మంచినీళ్ళ సీసా, ఛార్జర్, కిటికీ పక్క కుర్చీ.