సవరణ: హిమాలయాలు, 2035 లెక్క

మొన్నటి పోస్టులో, హిమాలయాల్లో మంచు కరగడం లేదని ఐపీసీసీయే (వాతావరణ మార్పులను మదింపు చేసే ఐక్యరాజ్యసమితి సంఘం) ఒప్పుకుందని, కాబట్టి భూమి వేడెక్కడానికి మనుషులే కారణమన్న మాటనూ నమ్మక్కర్లేదని రాశాను. రెండూ తప్పే.

2010 జనవరిలో ఐపీసీసీ వెనక్కి తీసుకున్నది ఒక్క అంచనాని. 2035 నాటికల్లా హిమాలయాల్లోని హిమానీనదాలు కనుమరుగయ్యే అవకాశం చాలా ఎక్కువని 2007 నివేదికలో రాశారు. ఆ సంవత్సరాన్ని తీసుకున్నది పరిశోధన పత్రం నుంచి కాదు, ఒక పర్యావరణ సంస్థ నివేదిక నుంచి. 2009లో మన జియలాజికల్ సర్వే మాజీ అధికారి వి.కె. రైనా హిమానీనదాలు అంత వేగంగా కరగడం లేదని వాదిస్తే, అప్పటి ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరి కొట్టిపారేశారు. అనుమానించేవాళ్లకు బలం దొరికింది అక్కడే. నేనూ అక్కడే ఆగిపోయాను, మిగతాది చదవలేదు.

ఆ తప్పు ఉన్నది 2007 నివేదికలో, వాతావరణ మార్పు ప్రభావాల గురించిన రెండో సంపుటంలో. కారణాల చర్చ మొదటి సంపుటంలో ఉంది, దాన్ని రాసిన బృందం వేరు. అందులోని ముగింపు 2035 మీద ఆధారపడలేదు. 2021 నివేదికైతే మనుషుల వల్లే వేడెక్కిందనడంలో సందేహమే లేదంది. ఈ వివరాలు ఐపీసీసీ నివేదికల్లోనూ, 2010 నాటి దాని ప్రకటనలోనూ ఉన్నాయి.

హిమాలయాల పక్కనున్న కారకోరం పర్వతాల సంగతేంటని కామెంట్లలో అడిగారు. అక్కడ కొన్ని హిమానీనదాలు చాలాకాలం నిలకడగా ఉన్నమాట నిజం. హిమాలయాల్లో మాత్రం ఎక్కువ భాగం తరుగుతూనే ఉన్నాయి.